క్యూఎమ్యూలో నెట్‌వర్క్: మొదటి కార్డు నుంచి పూర్తి పునర్నిర్మాణం దాకా

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే క్యూఎమ్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో, ఒకే బ్రిడ్జ్ (సాఫ్ట్‌వేర్ రూపంలో ఉండే స్విచ్) మీద రెండు వర్చువల్ యంత్రాలు పెట్టాను. విడివిడిగా నడిపితే రెండూ బుద్ధిగా పనిచేస్తున్నాయి. కలిపి నడిపితే మాత్రం ఒకటి మాట్లాడుతున్నంతసేపు రెండోది మూగబోతోంది; కాసేపటికి అదే తారుమారు అవుతోంది. ఆ సాయంత్రమంతా ఫైర్‌వాల్ నియమాలు తిరగేశాను, కేబుల్ మార్చాను, చివరికి రౌటర్‌ను కూడా అనుమానించాను. తీరా చూస్తే రెండు యంత్రాల నెట్‌వర్క్ కార్డుల చిరునామా ఒక్కటే: 52:54:00:12:34:56. మనం ఏమీ చెప్పకపోతే క్యూఎమ్యూ ప్రతి యంత్రంలోనూ మొదటి కార్డుకు ఇచ్చే మ్యాక్ చిరునామా (కార్డును గుర్తించే నంబరు) అదే. ఒకే పేరు, ఒకే ఇంటి నంబరు ఉన్న ఇద్దరిలో ఎవరికి ఉత్తరం ఇవ్వాలో తెలియని పోస్ట్‌మ్యాన్‌లా బ్రిడ్జ్ ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతోంది.

ఇంత చిన్న విషయానికి ఒక సాయంత్రం ఎందుకు పోయిందంటే, తప్పు గెస్ట్ (లోపల నడిచే వర్చువల్ యంత్రం) వైపు ఉంటే నేను హోస్ట్ (దాన్ని నడిపే అసలు కంప్యూటర్) వైపు వెతుకుతున్నాను. క్యూఎమ్యూ నెట్‌వర్క్‌కు రెండు కొసలు ఉంటాయి. ఒకటి గెస్ట్‌కు కనిపించే కార్డు. రెండోది ఆ కార్డు వెనక హోస్ట్ మీద ప్యాకెట్లను అందుకునే ఏర్పాటు. ఈ రెండింటినీ మనసులో విడదీసి పెట్టుకున్నవాళ్లకు మిగతా పని సులువు. ఈ మార్గదర్శి అంతా ఆ విభజన మీదే నడుస్తుంది: ముందు కొసను ఒకసారి స్థిరంగా అమర్చుకుని, వెనక కొసను అవసరాన్ని బట్టి మార్చుకుంటూ పోవడం.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లను, ఆప్షన్లను ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లోనే రాశాను. కీబోర్డు మీద వాటిని మామూలు ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి. కామాల తర్వాత ఖాళీ వదలకూడదు. హోస్ట్ లినక్స్ అనుకుని రాస్తున్నాను.

పాత పద్ధతిని ఎందుకు వదిలేయాలి

ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో మొదలుపెట్టిన క్యూఎమ్యూలో చాలాకాలం పాటు నెట్‌వర్క్‌కు ఒకే ఆప్షన్ ఉండేది: -నెట్. కార్డు కావాలంటే -నెట్ ఎన్ఐసీ, వెనక ఏర్పాటు కావాలంటే -నెట్ యూజర్ లేదా -నెట్ ట్యాప్. ఇవన్నీ లోపల ఒకే హబ్‌కు, అంటే వచ్చిన ప్యాకెట్‌ను అన్ని వైపులకూ పంపే కూడలికి, తగిలేవి. ఆ హబ్‌కు అప్పట్లో 'వీలాన్' అని పేరు పెట్టారు. స్విచ్‌లలో ఉండే అసలైన వీలాన్‌లకూ (ఒకే స్విచ్‌ను విడి నెట్‌వర్క్‌లుగా పంచే పద్ధతి) దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరు మాత్రం ఎంతోమందిని తప్పుదోవ పట్టించింది.

ఇబ్బంది ఎక్కడ వస్తుందో చూడండి. ఒక గెస్ట్‌కు రెండు కార్డులు కావాలి. ఒకటి ఇంటర్నెట్‌కు, ఒకటి లోపలి నెట్‌వర్క్‌కు. మీరు -నెట్ ఎన్ఐసీ -నెట్ యూజర్ -నెట్ ఎన్ఐసీ -నెట్ ట్యాప్ అని వరుసగా రాస్తారు. మొదటి కార్డు యూజర్‌కు, రెండో కార్డు ట్యాప్‌కు కలిసిందని మీరు అనుకుంటారు. నిజానికి నాలుగూ ఒకే హబ్‌లో పడతాయి. ఒక కార్డు పంపిన ప్రతి ప్యాకెట్ మిగిలిన మూడు చోట్లకూ వెళ్తుంది. డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామా ఇమ్మని అడిగే) అభ్యర్థనకు రెండు వైపుల నుంచీ జవాబులు వస్తాయి. దాని తర్వాత ఏది పనిచేసినా అదృష్టమే.

2009 డిసెంబరులో వచ్చిన 0.12 వెర్షన్ నుంచి -నెట్‌డెవ్, -డివైస్ అనే జంట అందుబాటులోకి వచ్చింది. వెనక కొసకు -నెట్‌డెవ్, ముందు కొసకు -డివైస్. రెంటినీ కలిపేది మీరు ఇచ్చే ఐడీ. 2018లో 2.12 వెర్షన్‌తో వచ్చిన -ఎన్ఐసీ ఈ రెంటినీ ఒకే మాటలో చెప్పే సంక్షిప్త రూపం. త్వరగా ఒక యంత్రాన్ని లేపాలంటే -ఎన్ఐసీ బాగుంటుంది. రేపు మార్చాల్సి వచ్చే యంత్రానికి మాత్రం జంటనే వాడండి. మీ దగ్గర పాత స్క్రిప్ట్ ఉంటే మొదటి పని అందులోని -నెట్ పంక్తులను ఏరివేసి ఇలా తిరగరాయడం:

-నెట్‌డెవ్ యూజర్,ఐడీ=బయట0
-డివైస్ వర్ట్ఐఓ-నెట్-పీసీఐ,నెట్‌డెవ్=బయట0,మ్యాక్=52:54:00:10:00:01

ఐడీకి ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ పేరైనా పెట్టుకోవచ్చు. నెట్0, నెట్1 అనేకన్నా పనిని బట్టి పెడితే ఆరు నెలల తర్వాత మీకే మేలు.

మొదటి అడుగు: ముందు కొసను స్థిరపరచడం

గెస్ట్‌కు కనిపించే కార్డు విషయంలో నిర్ణయించాల్సినవి మూడు: మోడల్, మ్యాక్, పీసీఐ స్థానం (కార్డు ఏ స్లాట్‌లో ఉందో).

మోడల్ తేలికే. గెస్ట్ ఇటీవలి లినక్స్ అయితే కళ్లు మూసుకుని వర్ట్ఐఓ ఎంచుకోండి. ఇది ఏ నిజమైన కార్డునూ అనుకరించదు. తాను వర్చువల్ యంత్రంలో ఉన్నానని తెలిసిన డ్రైవర్‌తో నేరుగా మాట్లాడుతుంది, అందుకే వేగం. విండోస్‌లో ఆ డ్రైవర్‌ను విడిగా వేయాలి. వేసేదాకా ఇంటెల్ కార్డును అనుకరించే ఈ1000 లేదా ఈ1000ఈ ఉంచండి. బాగా పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు ఆర్‌టీఎల్8139, పీసీనెట్, ఎన్ఈ2కే లాంటివి ఇంకా ఉన్నాయి. పాత సాఫ్ట్‌వేర్‌ను బతికించుకునేవాళ్లకు అవి వరం.

మ్యాక్ సంగతి మొదట్లోనే చెప్పాను. ప్రతి కార్డుకూ చేత్తో రాసి ఇవ్వండి, ఒక పట్టికలో రాసి పెట్టుకోండి. 52:54:00 తో మొదలుపెడితే తయారీదారులకు కేటాయించిన చిరునామాలతో తగాదా రాదు. మిగిలిన మూడు జతలు మీ ఇష్టం. నేను నాలుగో జతను నెట్‌వర్క్‌కు, ఆరో జతను యంత్రానికి కేటాయిస్తాను; ప్యాకెట్లు చూసేటప్పుడు ఏది ఎవరిదో చూపుతోనే తెలిసిపోతుంది.

పీసీఐ స్థానం చాలామంది పట్టించుకోరు, తర్వాత చింతిస్తారు. నేటి లినక్స్ గెస్ట్ కార్డుకు దాని స్థానాన్ని బట్టి పేరు పెడుతుంది: మూడో స్లాట్‌లో ఉంటే ఈఎన్‌పీ0ఎస్3 లాంటి పేరు. మీరు మధ్యలో ఒక కొత్త డిస్క్ కంట్రోలర్ చేర్చినా, యంత్రం రకాన్ని పీసీ నుంచి క్యూ35కు మార్చినా స్థానాలు జరుగుతాయి, పేరు మారుతుంది. గెస్ట్‌లోని నెట్‌వర్క్ ఫైలు పాత పేరుతోనే ఉంటుంది. ఫలితం: కార్డు ఉంది, లింక్ ఉంది, ఐపీ మాత్రం లేదు. దీనికి మందు రెండు రకాలు. -డివైస్ పంక్తిలో ఏడీడీఆర్=5 అని స్లాట్‌ను బిగించేయడం ఒకటి; గెస్ట్ లోపల పేరుతో కాకుండా మ్యాక్‌తో కార్డును గుర్తించేలా రాయడం ఇంకొకటి. క్యూ35కు మారే ఆలోచన ఉంటే రెండోదే నమ్మదగినది.

రెండో అడుగు: యూజర్ మోడ్‌ను పూర్తిగా వాడుకోవడం

యూజర్ మోడ్ అంటే చాలామందికి చిన్నచూపు. నాకు అలా లేదు. హోస్ట్ మీద ఎలాంటి ప్రత్యేక అధికారమూ అక్కర్లేకుండా, ఒక్క పంక్తితో గెస్ట్‌కు ఇంటర్నెట్ వస్తుంది. దీని వెనక ఉన్న స్లర్ప్ అనే కోడ్ 1990లలో, డయల్-అప్ రోజుల్లో పుట్టింది. మామూలు షెల్ ఖాతా ఉన్నవాళ్లకు పూర్తి ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్నట్టు భ్రమ కల్పించడం దాని పని. ఇప్పుడు అదే గారడీని గెస్ట్‌కు చేసి చూపిస్తోంది. గెస్ట్ పంపిన ప్యాకెట్‌ను విప్పి, హోస్ట్ మీద మామూలు ప్రోగ్రామ్ తెరిచినట్టు సాకెట్ తెరిచి, వచ్చిన జవాబును మళ్లీ ప్యాకెట్‌గా కట్టి గెస్ట్‌కు ఇస్తుంది.

అందుకే గెస్ట్‌కు కనిపించే నెట్‌వర్క్ అంతా కల్పితం. అది 10.0.2.0/24. గేట్‌వే (బయటికి దారి) 10.0.2.2, డీఎన్ఎస్ (పేర్లను చిరునామాలుగా మార్చేది) 10.0.2.3, డీహెచ్‌సీపీ ఇచ్చే మొదటి చిరునామా 10.0.2.15. ఇవి కంఠస్థం చేసుకోదగ్గ అంకెలు. మీ అసలు నెట్‌వర్క్‌లో కూడా అవే అంకెలు ఉంటే నెట్=192.168.76.0/24 అని మార్చేయండి.

2022 డిసెంబరులో వచ్చిన 7.2 వెర్షన్ నుంచి స్లర్ప్ కోడ్ క్యూఎమ్యూ లోపల లేదు. లిబ్‌స్లర్ప్ అనే లైబ్రరీ విడిగా ఉండాలి. సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లకు యూజర్ అనే ఏర్పాటు ఈ బైనరీలో లేదని సందేశం వస్తే కారణం అదే. ఆ లైబ్రరీ డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేసి తిరిగి కంపైల్ చేయాలి.

ఇక పింగ్. గెస్ట్‌లోకి వెళ్లి బయటి చిరునామాకు పింగ్ కొడతారు, జవాబు రాదు, నెట్‌వర్క్ పోయిందనుకుంటారు. పింగ్ వాడే ఐసీఎంపీ ప్రోటోకాల్‌కు మామూలు ప్రోగ్రామ్‌లు సాకెట్ తెరవాలంటే హోస్ట్ కెర్నల్ అనుమతి కావాలి. పింగ్_గ్రూప్_రేంజ్ అనే సిస్‌సీటీఎల్ (కెర్నల్) అమరికలో మీ గ్రూపు లేకపోతే అది కుదరదు. గేట్‌వే 10.0.2.2 కు పింగ్ కొడితే మాత్రం జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ జవాబు ఇచ్చేది స్లర్పే. కాబట్టి యూజర్ మోడ్‌లో పింగ్‌ను నమ్మకండి. కర్ల్ కమాండ్‌తో ఏదైనా వెబ్ పేజీ తెరిచి చూడండి.

బయటి నుంచి గెస్ట్‌లోకి రావడానికి పోర్టు మళ్లింపు ఉంది:

-నెట్‌డెవ్ యూజర్,ఐడీ=బయట0,హోస్ట్‌ఎఫ్‌డబ్ల్యూడీ=టీసీపీ:127.0.0.1:2222-:22

హోస్ట్‌లోని 2222 పోర్టుకు వచ్చినది గెస్ట్‌లోని 22కు వెళ్తుంది. ఇక్కడ 127.0.0.1 చాలా ముఖ్యం. చాలా చోట్ల దాన్ని వదిలేసి టీసీపీ::2222-:22 అని రాసి ఉంటుంది; అలా చేస్తే హోస్ట్‌కు ఉన్న అన్ని చిరునామాల మీదా ఆ పోర్టు తెరుచుకుంటుంది. మీ ల్యాప్‌టాప్ ఎక్కడి వైఫైకి తగిలితే అక్కడివాళ్లందరికీ మీ గెస్ట్ తలుపు కనిపిస్తుంది. ఇంకో చిక్కు: గెస్ట్ లోపలి సర్వీసు తన సొంత 127.0.0.1 మీద మాత్రమే వింటుంటే మళ్లింపు పనిచేయదు. మళ్లించిన ప్యాకెట్ 10.0.2.15 చిరునామాకు వస్తుంది మరి. డేటాబేస్ సర్వర్లతో ఇది తరచుగా ఎదురవుతుంది.

దీనికి అద్దంలాంటి ఇంకో వైపు ఉంది, అది చాలామందికి తెలియదు. గెస్ట్ 10.0.2.2 కు కనెక్ట్ అయితే అది హోస్ట్‌లోని లూప్‌బ్యాక్‌కు (కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే 127.0.0.1 చిరునామాకు) చేరుతుంది. 'నా కంప్యూటర్‌లోనే కదా' అని మీరు పాస్‌వర్డ్ లేకుండా 127.0.0.1 మీద నడుపుతున్న సర్వీసులన్నీ గెస్ట్‌కు అందుబాటులో ఉంటాయి. నమ్మకం లేని సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి గెస్ట్ పెట్టుకున్నవాళ్లు రిస్ట్రిక్ట్=ఆన్ చేర్చాలి. అప్పుడు గెస్ట్ హోస్ట్‌నూ చేరలేదు, బయటి ప్రపంచాన్నీ చేరలేదు; మీరు రాసిన మళ్లింపులు మాత్రం పనిచేస్తాయి.

మూడో అడుగు: యూజర్ మోడ్ చాలదని ఎప్పుడు తేల్చుకోవాలి

ఇతర కంప్యూటర్ల నుంచి గెస్ట్‌కు నేరుగా రావాలి, గెస్ట్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, లేదా పెద్ద ఫైళ్లు నిత్యం అటూ ఇటూ పోతుండాలి. ఈ మూడింటిలో ఒకటి ఉన్నా ట్యాప్‌కు మారండి. వేగం ఒక్కటే సమస్య అయితే, అధికారాలు అడగకుండా అదే పని ఇంకా చురుకుగా చేసే పాస్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది, 7.2లో చేరిన స్ట్రీమ్ రకం -నెట్‌డెవ్ ద్వారా దాన్ని కలపవచ్చు.

మారే ముందు కాగితం మీద బొమ్మ గీయండి. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఎన్ని నెట్‌వర్క్‌లు, ఒక్కోదాంట్లో ఎవరు, డీహెచ్‌సీపీ ఎవరిస్తారు, బయటికి దారి ఎటు: ఈ నాలుగూ గీత గీసి చూసుకుంటే సగం తప్పులు కాగితం మీదే బయటపడతాయి. ఒకే నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు పెట్టడం వాటిలో మొదటిది.

నాలుగో అడుగు: లోపలి బ్రిడ్జ్, బయటికి నాట్

నా దృష్టిలో ఎక్కువమందికి కావాల్సింది ఇదే. గెస్ట్‌లన్నీ హోస్ట్ లోపల ఒక బ్రిడ్జ్ మీద ఉంటాయి. హోస్ట్ వాటికి రౌటర్‌గా పనిచేస్తుంది; గెస్ట్‌ల చిరునామా స్థానంలో తన చిరునామా పెట్టి ప్యాకెట్లను బయటికి పంపుతుంది, నాట్ అంటే ఇదే. హోస్ట్ అసలు కార్డును ముట్టుకోనక్కర్లేదు, కాబట్టి ఉన్న కనెక్షన్ తెగే భయం లేదు. వైఫై మీద కూడా పనిచేస్తుంది.

ముందు బ్రిడ్జ్, దానికో చిరునామా:

ఐపీ లింక్ యాడ్ బీఆర్10 టైప్ బ్రిడ్జ్
ఐపీ అడ్రస్ యాడ్ 10.10.10.1/24 డెవ్ బీఆర్10
ఐపీ లింక్ సెట్ బీఆర్10 అప్

తర్వాత ట్యాప్. ట్యాప్ అంటే ఒక కొస హోస్ట్ కెర్నల్‌లోనూ, ఇంకో కొస క్యూఎమ్యూ చేతిలోనూ ఉన్న ఊహాజనిత కేబుల్:

ఐపీ టన్‌ట్యాప్ యాడ్ డెవ్ ట్యాప్0 మోడ్ ట్యాప్ యూజర్ (మీ లాగిన్ పేరు)
ఐపీ లింక్ సెట్ ట్యాప్0 మాస్టర్ బీఆర్10
ఐపీ లింక్ సెట్ ట్యాప్0 అప్

యూజర్ అని పేరు ఇవ్వడం వల్ల క్యూఎమ్యూను రూట్‌గా (సర్వాధికారాలతో) నడపనవసరం లేదు. ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. ఈ దశలో ట్యాప్‌కు 'నో-క్యారియర్' అని కనిపిస్తే కంగారు పడకండి. అవతలి కొసను ఇంకా ఎవరూ పట్టుకోలేదని మాత్రమే దాని అర్థం. క్యూఎమ్యూ మొదలవగానే పోతుంది.

ఇప్పుడు యంత్రం పంక్తిలో వెనక కొసను మాత్రమే మారుస్తాం:

-నెట్‌డెవ్ ట్యాప్,ఐడీ=బయట0,ఐఎఫ్‌నేమ్=ట్యాప్0,స్క్రిప్ట్=నో,డౌన్‌స్క్రిప్ట్=నో

-డివైస్ పంక్తి అక్షరం కూడా మారలేదు చూడండి. అదే మ్యాక్, అదే స్లాట్, అదే మోడల్. గెస్ట్ దృష్టిలో ఒక కార్డు నుంచి కేబుల్ పీకి వేరే స్విచ్‌కు పెట్టారంతే. స్క్రిప్ట్=నో అని చెప్పకపోతే క్యూఎమ్యూ తన సంప్రదాయ స్క్రిప్ట్‌ను వెతుక్కుంటూ పోతుంది, అది రూట్ అధికారాలు అడుగుతుంది, అక్కడ ఆగిపోతుంది.

ట్యాప్‌లను చేత్తో సృష్టించడం విసుగైతే బ్రిడ్జ్ హెల్పర్ అనే చిన్న సహాయక ప్రోగ్రామ్ క్యూఎమ్యూతోనే వస్తుంది. ఈటీసీ డైరెక్టరీలో క్యూఎమ్యూ ఫోల్డర్‌లోని బ్రిడ్జ్.కాన్ఫ్ ఫైలులో 'అలో బీఆర్10' అని ఒక్క పంక్తి రాసి, -నెట్‌డెవ్ బ్రిడ్జ్,ఐడీ=బయట0,బీఆర్=బీఆర్10 అంటే అదే ట్యాప్ తయారు చేసి కలుపుతుంది.

మిగిలినవి రెండు. చిరునామాలు పంచడానికి బీఆర్10 మీద మాత్రమే వినేలా డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్. అందులోనే మ్యాక్‌కు ఫలానా ఐపీ అని కట్టేయవచ్చు, మీరు రాసుకున్న పట్టిక ఇక్కడ అక్కరకు వస్తుంది. బయటికి దారి కోసం సిస్‌సీటీఎల్‌లో ఐపీ_ఫార్వర్డ్‌ను 1 చేసి, ఎన్ఎఫ్‌టేబుల్స్ ఫైర్‌వాల్‌లో 10.10.10.0/24 నుంచి బయటి కార్డు గుండా పోయే ప్యాకెట్లకు మాస్కరేడ్ (నాట్) నియమం రాయాలి.

వర్చువల్ యంత్రాలను నిర్వహించే లిబ్‌వర్ట్ వాడేవాళ్లు ఇదంతా చూసి నవ్వుకుంటూ ఉంటారు. వాళ్లకు వీఐఆర్‌బీఆర్0 పేరుతో, 192.168.122.0/24 చిరునామాలతో సరిగ్గా ఇదే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉంటుంది. అయినా లోపల ఏముందో తెలిసి ఉంటే అది చెడినప్పుడు దిక్కుతోచకుండా ఉండరు.

ఐదో అడుగు: అసలు నెట్‌వర్క్‌లోకి బ్రిడ్జ్

గెస్ట్‌కు మీ రౌటరే నేరుగా ఐపీ ఇవ్వాలి, మిగతా కంప్యూటర్లకు గెస్ట్ కూడా ఒక కంప్యూటర్‌లాగే కనిపించాలి అంటే హోస్ట్ అసలు కార్డును బ్రిడ్జ్‌లో చేర్చాలి. సూత్రం ఒక్క వాక్యమే: కార్డు బ్రిడ్జ్‌లో చేరాక హోస్ట్ ఐపీ కార్డు మీద ఉండకూడదు, బ్రిడ్జ్ మీద ఉండాలి.

వాక్యం చిన్నదే, గండం పెద్దది. ఎస్ఎస్‌హెచ్ ద్వారా దూరపు సర్వర్ మీద ఒకసారి ఈ పని చేస్తూ, కార్డును బ్రిడ్జ్‌కు తగిలించే పంక్తి కొట్టి ఎంటర్ నొక్కాను. కర్సర్ అక్కడే ఆగిపోయింది. తర్వాతి పంక్తి కొట్టడానికి ఇక దారి లేదు. ఐపీ ఇంకా కార్డు మీదే ఉంది, కార్డు ఏమో బ్రిడ్జ్ సొత్తు అయిపోయింది. అప్పటి నుంచి రెండు జాగ్రత్తలు తప్పను. మొత్తం కమాండ్లను ఒకే స్క్రిప్ట్‌లో రాసి ఒకేసారి నడుపుతాను. దానికి ముందు షట్‌డౌన్ -ఆర్ +5 అని కొడతాను. చేత్తో ఇచ్చిన ఐపీ కమాండ్లు రీబూట్‌తో ఆవిరైపోతాయి కాబట్టి, పని చెడితే ఐదు నిమిషాల్లో సర్వర్ పాత స్థితిలో తిరిగి లేస్తుంది. పని కుదిరితే షట్‌డౌన్ -సీ తో రద్దు చేసుకోవడమే.

బ్రిడ్జ్ మ్యాక్‌ను కూడా అదే స్క్రిప్ట్‌లో బిగించండి. మనం చెప్పకపోతే లినక్స్ బ్రిడ్జ్ తనలో చేరిన పోర్టుల మ్యాక్‌లలో అన్నిటికన్నా చిన్నదాన్ని తనదిగా చేసుకుంటుంది. కొత్త గెస్ట్ లేచి దాని ట్యాప్ మ్యాక్ ఇంకా చిన్నదైతే బ్రిడ్జ్ మ్యాక్ నడుస్తూ నడుస్తూనే మారిపోతుంది. హోస్ట్‌తో ఉన్న కనెక్షన్లు కాసేపు తడబడతాయి, రౌటర్‌లో మ్యాక్‌ను బట్టి కేటాయించిన ఐపీ కూడా చేజారవచ్చు. అసలు కార్డు మ్యాక్‌నే బ్రిడ్జ్‌కు ఇచ్చేస్తే ఈ బెడద ఉండదు.

వైఫై కార్డును ఇలా బ్రిడ్జ్‌లో పెట్టలేరు. యాక్సెస్ పాయింట్ తన దగ్గర నమోదైన మ్యాక్ నుంచి వచ్చిన ఫ్రేములనే తీసుకుంటుంది. గెస్ట్ మ్యాక్ దానికి అపరిచితం. దీనికి చుట్టుదారులు వెతకడం దండగ, నాలుగో అడుగులోని నాట్‌కు వెళ్లండి. బ్రిడ్జ్ లేకుండా కార్డు మీద నేరుగా కూర్చునే మ్యాక్‌వీట్యాప్ అనే పద్ధతి కూడా ఉంది, కానీ అందులో గెస్ట్, హోస్ట్ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోలేవు. చాలామందికి సరిగ్గా ఆ మాట్లాడుకోవడమే కావాలి.

బ్రిడ్జ్‌కు ఎస్‌టీపీ (బ్రిడ్జ్‌ల మధ్య ప్యాకెట్లు చక్కర్లు కొట్టకుండా ఆపే ఏర్పాటు) ఆన్ చేస్తే, కొత్త పోర్టు మామూలు అమరికలతో 30 సెకన్ల దాకా ప్యాకెట్లను దాటనివ్వదు. ఈలోగా గెస్ట్ డీహెచ్‌సీపీ అడిగి అడిగి విసిగిపోతుంది. బ్రిడ్జ్ ఒక్కటే ఉంటే ఎస్‌టీపీ అక్కర్లేదు.

హోస్ట్‌లో కంటైనర్లను నడిపే డాకర్ కూడా ఉంటే ఇంకో వింత చూస్తారు. గెస్ట్‌కు గెస్ట్ కనిపించదు, బ్రిడ్జ్ అంతా సవ్యంగానే ఉంటుంది. బీఆర్_నెట్‌ఫిల్టర్ అనే కెర్నల్ మాడ్యూల్ ఎక్కిందంటే, బ్రిడ్జ్ మీద పోర్టు నుంచి పోర్టుకు పోయే ఫ్రేములు కూడా ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్ గుండా వెళ్తాయి. అక్కడ ఫార్వర్డ్ గొలుసు విధానం సాధారణంగా డ్రాప్‌గా (ప్యాకెట్‌ను పారేసేలా) మారి ఉంటుంది. బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్ అమరికను 0 చేయడం ఒక దారి, అయితే అది కంటైనర్ల వైపు కొన్ని నియమాలను దెబ్బతీయవచ్చు. మీ బ్రిడ్జ్ ట్రాఫిక్‌ను అనుమతించే నియమాన్ని డాకర్-యూజర్ గొలుసులో చేర్చడం మర్యాదైన దారి.

వేగం గురించి కొంచెం

ట్యాప్ పంక్తికి వీహోస్ట్=ఆన్ చేర్చండి. ప్యాకెట్లను మోసే పని క్యూఎమ్యూ ప్రక్రియ నుంచి హోస్ట్ కెర్నల్‌కు మారుతుంది. కార్డు వర్ట్ఐఓ అయి ఉండాలి. గెస్ట్‌కు నాలుగు ప్రాసెసర్లు ఇచ్చి, అది నిజంగా నెట్‌వర్క్ మీద కష్టపడుతుంటే -నెట్‌డెవ్‌లో క్యూస్=4, -డివైస్‌లో ఎంక్యూ=ఆన్, వెక్టర్స్=10 పెట్టండి. క్యూల సంఖ్యకు రెట్టింపు, దాని మీద రెండు: అదీ వెక్టర్ల లెక్క. ముందుగా సృష్టించిన ట్యాప్ అయితే దాన్ని కూడా మల్టీ_క్యూ గుర్తుతోనే సృష్టించాలి. ఇంతకు మించి తవ్వే ముందు కొలిచి చూసుకోండి. ఎక్కువసార్లు అడ్డంకి డిస్క్ దగ్గర ఉంటుంది.

ఆరో అడుగు: మూసిన నెట్‌వర్క్‌లు

రెండు గెస్ట్‌ల మధ్య హోస్ట్ ప్రమేయం కూడా లేని కేబుల్ కావాలంటే సాకెట్ రకం ఉంది. ఒక గెస్ట్‌కు లిజన్=127.0.0.1:5555, రెండోదానికి కనెక్ట్=127.0.0.1:5555. రూట్ అధికారం అవసరం లేదు. రెండుకన్నా ఎక్కువ గెస్ట్‌లు ఉంటే ఎంక్యాస్ట్=230.0.0.1:1234 అని అందరికీ ఒకే పంక్తి ఇవ్వవచ్చు.

పునర్నిర్మాణంలో నాకు అన్నిటికన్నా నచ్చే అమరిక దీని మీదే కట్టవచ్చు. ఒక గెస్ట్‌ను రౌటర్‌గా చేయండి: మొదటి కార్డు బీఆర్10 మీద, రెండోది మూసిన నెట్‌వర్క్‌లో. మిగతా గెస్ట్‌లకు మూసిన నెట్‌వర్క్‌లోని కార్డు ఒక్కటే. అప్పుడు వాటి ఫైర్‌వాల్, డీఎన్ఎస్, నియమాలన్నీ ఆ ఒక్క రౌటర్ గెస్ట్‌లో ఉంటాయి. హోస్ట్ శుభ్రంగా ఉంటుంది. ప్రయోగం ముగిస్తే రౌటర్ గెస్ట్‌ను ఆపేయడమే.

ఏడో అడుగు: పనిచేయనప్పుడు ఎక్కడ చూడాలి

గెస్ట్ దగ్గర మొదలుపెట్టి బయటికి నడవండి. గెస్ట్‌లో ఐపీ లింక్ కొడితే కార్డు ఉందా, పైకి లేచిందా? క్యూఎమ్యూ మానిటర్‌లో (నడుస్తున్న యంత్రానికి ఆదేశాలిచ్చే చోట) ఇన్ఫో నెట్‌వర్క్ కొడితే ఏ కార్డు ఏ వెనక కొసకు కలిసిందో జంటలుగా చూపిస్తుంది; కార్డు పక్కన జంట లేకపోతే -డివైస్ పంక్తిలో నెట్‌డెవ్= రాయడం మరిచినట్టే. యూజర్ మోడ్ అయితే ఇన్ఫో యూజర్‌నెట్ తెరిచి ఉన్న కనెక్షన్లను చూపుతుంది. సెట్_లింక్‌తో కేబుల్ పీకి పెట్టినట్టు కూడా చేయవచ్చు. గెస్ట్‌ను రీబూట్ చేయకుండా మళ్లీ డీహెచ్‌సీపీ అడిగించడానికి ఇది మంచి ఉపాయం.

తర్వాత హోస్ట్‌లో, దాటిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌ను మొదట ట్యాప్0 మీద, ఆపై బీఆర్10 మీద, చివరగా అసలు కార్డు మీద నడపండి. ప్యాకెట్ ఏ చోటిదాకా కనిపించి ఏ చోట మాయమైందో, తప్పు ఆ రెండింటి మధ్యనే ఉంటుంది. గెస్ట్ ఏఆర్‌పీ (ఈ ఐపీ ఎవరి మ్యాక్‌ది అనే ప్రశ్న) అడుగుతూనే ఉండి జవాబు రాకపోతే బ్రిడ్జ్ వైపు చూడాలి. అసలు ట్యాప్ మీదికే ఏమీ రాకపోతే గెస్ట్ లోపలికి తిరిగి వెళ్లాలి.

ఈ డంప్‌లో గెస్ట్ పంపిన దాదాపు ప్రతి ప్యాకెట్ పక్కన చెక్‌సమ్ (ప్యాకెట్ దారిలో చెడలేదని సరిచూసే లెక్క) తప్పు అని కనిపిస్తుంది. అది తప్పు కాదు. వర్ట్ఐఓ చెక్‌సమ్ లెక్కను చివరిదాకా వాయిదా వేస్తుంది. మీరు చూస్తున్నది లెక్క వేయకముందు ప్యాకెట్‌ను. దీన్ని పట్టుకుని ఒక రాత్రంతా కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

ట్యాప్ లేని యూజర్ మోడ్‌లో ప్యాకెట్లు చూడాలంటే -ఆబ్జెక్ట్ ఫిల్టర్-డంప్,ఐడీ=చూపు0,నెట్‌డెవ్=బయట0,ఫైల్=డంప్.పీక్యాప్ చేర్చండి. వచ్చిన ఫైలును వైర్‌షార్క్‌లో తెరవవచ్చు. వీహోస్ట్ ఆన్‌లో ఉంటే ఇది పనిచేయదు, ఎందుకంటే ప్యాకెట్లు క్యూఎమ్యూ గుండా పోవు. అక్కడ టీసీపీడంప్‌దే పని.

నా మొదటి గొడవ లాంటిది అనుమానం వస్తే బ్రిడ్జ్ ఎఫ్‌డీబీ షో కొట్టండి. ఏ మ్యాక్ ఏ పోర్టు వెనక ఉందని బ్రిడ్జ్ అనుకుంటోందో పట్టిక వస్తుంది. అదే కమాండ్‌ను రెండు మూడు సెకన్లకోసారి కొట్టి చూడండి. ఒకే మ్యాక్ ఒకసారి ట్యాప్0 వెనక, ఇంకోసారి ట్యాప్1 వెనక కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చివరి అడుగు: శాశ్వతం చేయడం

చేత్తో ఇచ్చిన ఐపీ కమాండ్లన్నీ రీబూట్‌తో పోతాయని చెప్పాను. అంతా కుదిరాక వాటిని సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఫైళ్లలోకో, నెట్‌వర్క్‌మేనేజర్‌లోకో ఎక్కించండి. రెండింట్లోనూ ఒకేసారి రాయకండి. ఒకే బ్రిడ్జ్‌కు ఇద్దరు యజమానులైతే ఎవరి మాట చెల్లుతుందో చెప్పలేం. ఎన్ఎఫ్‌టేబుల్స్ నియమాన్ని, ఐపీ_ఫార్వర్డ్ అమరికను కూడా వాటి వాటి ఫైళ్లలో భద్రపరచండి.

ఆ తర్వాత పాత సామాను ఏరివేయండి. ఇప్పుడు అవసరం లేని పోర్టు మళ్లింపులు, వాడని ట్యాప్‌లు, స్క్రిప్ట్‌లో కామెంట్‌గా మిగిలిన -నెట్ పంక్తులు. ఏరివేత అయ్యాక హోస్ట్‌ను ఒకసారి రీబూట్ చేసి, ఏ కమాండూ చేత్తో కొట్టకుండా గెస్ట్‌లను లేపండి. గెస్ట్‌లో అదే పేరుతో కార్డు, పట్టికలో రాసిన ఐపీ, బయటికి కర్ల్, పక్క గెస్ట్‌కు పింగ్: నాలుగూ వస్తే కాగితం మీద గీసిన బొమ్మ కింద ఆ రోజు తేదీ వేసి, స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే దాని ఫోటో కూడా పెట్టేయండి.